కాదమ్మ

ఫ్యాక్టరీ క్వార్టర్స్, చివరి వాటా
మధ్యాహ్నం

చిన్నీ,

ఫోను ఎత్తలేదని మొహం ముడుచుకోకు. ప్లాంటు లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. బయటికొచ్చాకైనా చెయ్యొచ్చు కదా అంటావు. రోజంతా మాస్కు లోపలినుంచి అరిచి అరిచి ఇంటికి వచ్చేసరికి గొంతులో మాట మిగలడం లేదు. పైగా నీతో ఫోనులో మాట్లాడితే పక్కనే నీ కూతురు పిచ్చుక చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఉత్తరమైతే ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కాళ్ళు చాపుకుని రాసుకోవచ్చు. నువ్వు కూడా రాయి.

నన్ను సేఫ్టీకి పెద్దను చేశారని చెప్పాను కదా. పెద్దరికం అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. మునుపు నా పని నేను చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు అందరి పనికీ అడ్డం పడటమే నా పని. వచ్చిన వారంలోనే వెనక యార్డు చూశాను. వాడేసిన ద్రావకాల డ్రమ్ములు ఎండకు ఎండి, వానకు తడిసి, మీదున్న లేబుళ్ళు వెలిసిపోయి ఉన్నాయి. ఒకదానికొకటి పడని సరుకులు రెండూ భుజం భుజం రాసుకుని నిలబడి ఉన్నాయి. ఒకటి కారి రెండోదానిలో కలిస్తే యార్డంతా విషపు గాలి. వాటిని విడదీసి, కింద తొట్లు పెట్టించి, మధ్యలో గోడ కట్టించేసరికి ప్రాణం పోయింది. "మేడమ్ డ్రమ్ములకు విడాకులు ఇప్పిస్తోంది" అని కుర్రాళ్ళు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, పని మాత్రం చేశారు.

వాళ్ళలో ఒకడిని అందరూ పెళ్ళికొడుకు అంటారు. హెల్మెట్ కింద జుట్టు చెదిరిందని గంటకోసారి దువ్వుకుంటాడు మరి. మొన్న నేను వస్తుంటే చూసుకోకుండా "ఒరేయ్, కాదమ్మ వస్తోంది!" అని అరిచాడు. నా వెనక నా పేరు అదేనట. దేనికైనా కాదంటాను కాబట్టి కాదమ్మ. వాడు నాలిక్కరుచుకున్నాడు. నేను వినపడనట్టు వెళ్ళిపోయాను. నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. మా మూడో బ్లాకులో తయారయ్యే తెల్లపొడి ఎక్కడికి పోతుందో తెలుసా? మన పిచ్చుక రోజూ వేసుకునే ఫిట్స్ మాత్రల కంపెనీకే. మేం చేసేది పొడి, వాళ్ళు దాన్ని మాత్ర చేస్తారు. నిన్న బయటికి పోయే డ్రమ్ము మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. లోపల మన పిల్ల వాటా ఎంతుందో అనుకున్నాను.

అక్క


బస్టాండు, టికెట్ల కౌంటరు
భోజనాల వేళ

అక్కా,

కాదమ్మ పేరు విని పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వింది. నీకు ఆ పేరు ఇప్పుడొచ్చిందా అని నాకు ఆశ్చర్యం. చిన్నప్పుడు నీ రిబ్బను అడిగినప్పటినుంచీ నాకు తెలుసు నువ్వు కాదమ్మవేనని.

నా సంగతేముంది. కిటికీ అవతల క్యూ, ఇవతల నేను. బస్సు ఆలస్యమైతే నేనే ఆపినట్టు తిడతారు. మీ మరిది సరుకు లారీ మీద వెళ్తే వారానికి గానీ ఇల్లు చేరడు. ఇద్దరం ఒకేసారి మెలకువగా ఉండి మాట్లాడుకుని ఎన్నాళ్ళయిందో.

కానీ పిచ్చుక బాగుంది అక్కా. నిజంగా బాగుంది. ఆఖరిసారి ఫిట్స్ వచ్చి ఏడాది దాటింది. మొన్న పుట్టినరోజుకి ఏం కావాలే అని అడిగితే ఏమందో తెలుసా? "స్నానాల గదికి గడియ పెట్టుకోనివ్వమ్మా" అంది. ఇన్నేళ్ళూ తలుపు దగ్గరగా వేసి, బయట నేను పీట వేసుకుని కూర్చునేదాన్ని కదా, లోపల ఎప్పుడు పడుతుందో అని. పన్నెండేళ్ళు వచ్చాయి. సిగ్గు ఉండదా దానికి? పెట్టుకోనిచ్చాను. లోపల గడియ పడిన చప్పుడుకి వెళ్ళి తలుపుకి చెవి ఆనించాను. అది మాత్రం హాయిగా పాడుకుంటూ నీళ్ళు పోసుకుంది. తప్పు చేశానంటావా?

ఇంకో మాట. మందుల షాపాయన ఈసారి రెండు షీట్లే ఇచ్చాడు. "సరుకు పల్చగా వస్తోందమ్మా" అన్నాడు. మీ దగ్గర ఏమైనా తెలుస్తుందా?

చిన్ని


ఫ్యాక్టరీ క్వార్టర్స్
వాన పడుతోంది

చిన్నీ,

తప్పేం కాదు. గడియ పెట్టుకోనివ్వు. నీకు భయం, దానికి సిగ్గు. ఇంతకాలం నీ భయం మాటే చెల్లింది, ఇప్పుడు దాని మాట చెల్లనీ.

మాత్రల సంగతి అడిగావు. డాక్టరుగారితో చెప్పి కాస్త ముందుగానే తెచ్చి పెట్టుకో. పెద్ద విశేషం ఏమీ లేదు. మూడో బ్లాకులో ఒక పంపు రిపేరు నడుస్తోంది. యంత్రాలన్నాక ఇవన్నీ మామూలే.

మూడు రోజులుగా వాన. క్వార్టర్స్ గోడలు చెమ్మగిలి బట్టలు ఆరడం లేదు. నేను కూడా అలాగే ఉన్నాను. పిచ్చుకని నా బదులు ముద్దు పెట్టుకో. ఈసారికి ఇంతే, కళ్ళు మూతలు పడుతున్నాయి.

అక్క


ఇల్లు, వంటింటి గట్టు మీద
పొద్దున్న

అక్కా,

షాపులో మాత్రలు అయిపోయాయి. మీ మరిది లారీ ఆగిన ప్రతి ఊళ్ళోనూ అడుగుతూ వచ్చాడు. ఒకచోట ఒక్క షీటు దొరికితే బంగారం దొరికినట్టు జేబులో దాచుకుని తెచ్చాడు. అదీ అయిపోయింది. డాక్టరుగారు వేరే మాత్ర రాశారు. దీనికీ ఒళ్ళు అలవాటు పడుతుంది, కొన్నాళ్ళు ఓపిక పట్టండి అన్నారు. పిచ్చుకకి మత్తుగా ఉంటోంది. క్లాసులో బల్ల మీద తలపెట్టి పడుకుంటోందని టీచరు కబురు పెట్టింది. మిగతా అంతా బాగానే ఉంది. ఆకలి బాగానే ఉంది. నిద్ర సరేసరి. బాగానే ఉంది.

షాపాయన ఒక మాటన్నాడు. మాత్రల కంపెనీకి పొడి రావడం లేదట. పొడి చేసే ఫ్యాక్టరీలో ఒక బ్లాకు మూసేశారట. "ఏ ఫ్యాక్టరీ?" అన్నాను. ఆయన చెప్పింది మీ ఫ్యాక్టరీ పేరే.

పంపు రిపేరు అని రాశావు. మూసేశారని రాయలేదేం? నా దగ్గర దాచేంత విషయం ఏముంది అక్కా? ఎవరు మూశారు? ఎప్పుడు తెరుస్తారు?

చిన్ని


ఫ్యాక్టరీ క్వార్టర్స్
సెలవు రోజు

చిన్నీ,

నేనే.

ఎవరు మూశారని అడిగావు కదా. నేనే ఆపాను. రాయాలని రెండుసార్లు కాగితం తీశాను. నీ మొహం కళ్ళ ముందుకొచ్చి పక్కన పెట్టేశాను. ఇప్పుడు మొదటినుంచీ చెప్తాను, విను.

ఆ పొడి చెయ్యడంలో ఒక దశ ఉంది. అందులో వాడే ద్రవం మూత తీస్తేనే తెల్లటి పొగ కక్కుతుంది. చెమ్మ తగిలితే ఆమ్లం. ఊపిరితో లోపలికి పోయిందంటే మనిషి ఊపిరితిత్తుల్లో ఉన్న తడే చాలు దానికి. రియాక్టరులో, అంటే సరుకులు కలిపి ఉడికించే పెద్ద పాత్రలో, పని నడుస్తున్నంతసేపూ ఆ పొగ వస్తూనే ఉంటుంది. దాన్ని పైపులోంచి స్క్రబ్బరు అనే పొడుగాటి టవరులోకి పంపిస్తాం. పైనుంచి కాస్టిక్ సోడా నీళ్ళు జల్లులా పడి పొగను కడిగేస్తాయి. ఆ నీళ్ళను పైకి కొట్టే పంపులు రెండు ఉండాలి. ఒకటి తిరుగుతుంటే రెండోది సిద్ధంగా ఉండాలి. మొదటిది ఆగితే క్షణంలో రెండోది అందుకోవాలి. ఎందుకంటే రియాక్టరులో మొదలైన పనిని మధ్యలో పొయ్యి కట్టేసినట్టు కట్టెయ్యలేం.

ఆ రెండో పంపు పోయింది. కొత్తది చేసిచ్చేవాళ్ళు అదిగో ఇదిగో అంటున్నారు. మొదటి పంపు తిరుగుతోంది గానీ సీలు దగ్గర కారుతోంది. చెయ్యి పెడితే అదురు తెలుస్తోంది. నేను సరే అనందే ఆ దశ మొదలుపెట్టకూడదన్నది మా దగ్గర పద్ధతి. మేనేజరుగారు నన్ను పిలిపించారు.

"ఒక్క పంపుతో ఇన్నాళ్ళూ నడవలేదా మేడమ్?" అన్నారు.

"రెండోది సిద్ధంగా ఉండగా నడిచింది సార్."

"ఉన్నది ఆగిపోతుందని మీకెవరు చెప్పారు?"

"ఆగదని ఎవరు చెప్పారో వాళ్ళను పిలిపించండి. వాళ్ళతో మాట్లాడతాను."

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. చెడ్డవాడు కాదు. ఆయనకూ నిద్ర లేదు. "మాత్రల కంపెనీవాళ్ళు ప్రాణం తోడేస్తున్నారు. మందు దొరక్కపోతే జనం పడే అవస్థ మీకు తెలియదా?" అన్నారు.

"తెలుసు సార్" అన్నాను. పిచ్చుక సంగతి చెప్పలేదు. చెప్తే నేనే కరిగిపోతానని భయం వేసింది.

రియాక్టరు దగ్గర నిలబడేది పెళ్ళికొడుకు, వాడితో ఇంకో నలుగురు. గాలి ఒకవైపు వీస్తే క్యాంటీను, ఇంకోవైపు వీస్తే గోడ అవతల ఇళ్ళు. వాళ్ళెవరికీ ఈ పంపు సంగతి తెలియదు. తెలిసిన దాన్ని నేను. తెలిసీ సరే అని ఎలా అనను?

పంపు వచ్చేస్తే అంతా సర్దుకుంటుందనుకున్నాను. ఇంత ఆలస్యం అవుతుందనుకోలేదు. నీ ఉత్తరంలో "బాగానే ఉంది" అని మూడుసార్లు రాశావు. ఒకసారి రాసుంటే నమ్మేదాన్ని. ఏం జరుగుతోందో నాకు చెప్పు.

అక్క


ఆస్పత్రి, పిల్లల వార్డు బయట బెంచీ

అక్కా,

నిన్న పొద్దున స్నానానికి వెళ్ళింది. గడియ పెట్టుకుంది. నేను టిఫిను డబ్బా సర్దుతున్నాను. పాట వినిపిస్తోంది. ఆగింది. బకెట్టు పడిన చప్పుడు. పిలిచాను, పలకలేదు. అదృష్టం, మీ మరిది ఇంట్లో ఉన్నాడు. భుజంతో కొట్టి తలుపు విరగ్గొట్టాడు.

ఒళ్ళంతా కొట్టుకుంటోంది. కుళాయి అంచు తగిలి కనుబొమ చీలింది. ముందు పన్ను సగం విరిగింది. నీళ్ళు ఎర్రగా కాలువ కట్టాయి. బకెట్టులో తల పడలేదు, పక్కన పడింది. పక్కన. ఆ ఒక్క మాట పట్టుకునే ఈ బెంచీ మీద కూర్చోగలిగాను.

నువ్వడిగావు కదా, ఏం జరుగుతోందని. బాగానే ఉందన్నది అబద్ధం. కొత్త మాత్ర మొదలుపెట్టాక రెండుసార్లు అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. నీకు రాస్తే కంగారుపడతావని ఊరుకున్నాను. నీమీద జాలిపడ్డాను నేను! ఫ్యాక్టరీలో కష్టపడుతోంది పాపం మా అక్క అని.

నీ పెళ్ళికొడుక్కీ ఒక తల్లి ఉంటుంది, నిజమే. పిచ్చుకకి లేదా? ఆగుతుందో ఆగదో తెలియని పంపు కోసం, ఆగితే ఏమవుతుందో ఖాయంగా తెలిసిన మందును ఆపేశావు. గడియ పెట్టుకోనివ్వమని కూడా నువ్వే రాశావు. అప్పటికే బ్లాకు మూసేసి ఉన్నావు కదూ? ఆ ఉత్తరం రాసేటప్పుడు తలుపు బయట నా పీట నీకు గుర్తు రాలేదా?

డాక్టరు పిలుస్తున్నారు.

చిన్ని


ఫ్యాక్టరీ, నా గది

చిన్నీ,

నీ పీట గుర్తొచ్చింది. అయినా రాశాను. నాలుగు రోజుల్లో పంపు వస్తుందని చెప్పారు, నమ్మాను. ఇది సమాధానం కాదని తెలుసు.

ఉత్తరం చదివి తిన్నగా మూడో బ్లాకుకి వెళ్ళాను. ఉన్న పంపును తిప్పి చూపించమని ఫిట్టరును అడిగాను. తిరిగింది. అదురు అంతగా లేదనిపించింది. కారడం కూడా తగ్గినట్టే అనిపించింది. అలా అనిపించాలని నేనే కోరుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది. అయినా మేనేజరుగారి గదిలోకి వెళ్ళి, "సరే సార్, మొదలుపెట్టండి" అన్నాను.

ఆయన నావైపు చూశారు. "ఏమైంది మేడమ్?" అన్నారు. నిలబడే చెప్పేశాను. పిచ్చుక, స్నానాల గది, విరిగిన పన్ను, అన్నీ. ఆయన లేచి కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. మంచినీళ్ళు తెప్పించారు. తర్వాత నెమ్మదిగా అన్నారు:

"మీరు ఇవాళ సరే అన్నా నేను తీసుకోను. ఇన్నాళ్ళూ మీ నోటినుంచి ఈ మాట రావాలని ఎదురుచూసిన మాట నిజమే. కానీ ఇవాళ మాట్లాడుతున్నది సేఫ్టీ ఆఫీసరు కాదు మేడమ్, పెద్దమ్మ."

ఏడ్చాను చిన్నీ. ఆఫీసులో ఏడవకూడదని పెట్టుకున్న నియమం పోయింది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. కాసేపయ్యాక, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు, "చిన్న బ్లాకులో స్క్రబ్బరు బాగానే ఉంది కదా?" అన్నారు.

చిన్న బ్లాకు అంటే కొత్త మందులు ప్రయత్నించి చూసే చోటు. రియాక్టరు మా వంటింటి గుండిగంత. దానికి విడిగా స్క్రబ్బరు, రెండు పంపులూ సలక్షణంగా ఉన్నాయి. అక్కడ కొంచెం కొంచెంగా చేస్తే? పెద్ద బ్లాకులో ఒక్కసారి అయ్యేది ఇక్కడ ఎన్నో విడతలు పడుతుంది. ముందు చేసిన మందు ఆనవాలు లేకుండా మొత్తం కడగాలి, పరీక్షలవాళ్ళు ఒప్పుకోవాలి, మనుషులు అదనంగా నిలబడాలి. కష్టం. కానీ కుదరనిది కాదు.

ఇన్ని రోజులూ నాకు ఇది ఎందుకు తట్టలేదు? కాదనడంతో నా పని అయిపోయిందనుకున్నాను. కాదన్నాక మరేం చెయ్యాలో ఆలోచించాల్సింది కూడా నేనేనని అనుకోలేదు. నువ్వు నన్ను తిట్టాల్సింది నిజానికి ఇందుకే, ఆ తిట్టు నీ ఉత్తరంలో లేకపోయినా.

ఇవాళే కడగడం మొదలుపెట్టాం. పిచ్చుక ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నామీద కోపంతోనే రాయి.

అక్క


ఇల్లు

అక్కా,

ఇంటికి తీసుకొచ్చాం. కనుబొమకి కుట్లు పడ్డాయి. పన్నుకి టోపీ తొడుగుతారట. పాత మాత్ర పాతిక దాకా వార్డులో ఎవరో నర్సు వెతికి ఇచ్చింది, ఎక్కడినుంచో నేను అడగలేదు. డాక్టరుగారు రెండూ కలిపి ఎలా వెయ్యాలో రాసిచ్చారు.

గడియ మీ మరిది ఊడదీశాడు. పిచ్చుక చూస్తూ నిలబడింది. అరిచి గోల చేసినా బాగుండేది.

నువ్వు ఎందుకు ఆపావో దానికి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "ఆ పొగ పీలిస్తే వాళ్ళు కూడా నాలాగే కింద పడిపోయి కొట్టుకుంటారా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "నాకైతే అయిపోయాక ఏమీ గుర్తుండదు. వాళ్ళకి గుర్తుంటుందా?" అంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నాకు నీమీద కోపం పోలేదు. కోపం పట్టుకుని ఉండటానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి, అది లేదు. అంతే.

ఒక్కటి మాత్రం కావాలి. కొత్త పంపు వచ్చాక ఆ పాతదాన్ని విప్పుతారు కదా. విప్పినప్పుడు చూసి చెప్పు. అది నిజంగా పోయేదా, పోయేది కాదా? పోయేదే అని తెలిస్తే నాకు కాస్త నిద్ర పడుతుంది.

చిన్ని


ఫ్యాక్టరీ క్వార్టర్స్
పొద్దున్న, డ్యూటీ దిగి వచ్చి

చిన్నీ,

చిన్న బ్లాకులోంచి మొదటి విడత పొడి బయటికి వెళ్ళింది. తర్వాత ఇంకో రెండు. ముందుగా పిల్లల వార్డులకి ఇవ్వమని మేనేజరుగారు మాత్రల కంపెనీవాళ్ళతో ఫోనులో గొంతు చించుకున్నారు. నేను మన ఊరి ఆస్పత్రి పేరు చెప్పలేదు. నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. అన్ని వార్డుల్లోనూ పిచ్చుకలే ఉంటారు.

మనుషులు కావాలని అడగ్గానే ముందు చెయ్యెత్తింది పెళ్ళికొడుకే. "ఎందుకురా, ఇంట్లో వాళ్ళు తిట్టరా?" అన్నాను. "మీరు ఎందుకు కాదన్నారో తెలిశాక మా అమ్మ మీకు దణ్ణం పెట్టింది మేడమ్. ఇప్పుడు మీరు అవునంటే నేను రాననడం బాగుంటుందా?" అన్నాడు. చిన్న రియాక్టరులోకి ఆ ద్రవం వదిలేటప్పుడు ఒంటినిండా రబ్బరు సూటు, మొహానికి గాలి గొట్టం. అందులో మనిషి ఉడికిపోతాడు. సూటు విప్పినప్పుడు వాడి చొక్కా పిండితే నీళ్ళు. జుట్టు నెత్తికి అంటుకుపోయింది. దువ్వుకోవడం కూడా మరిచిపోయి గోడకి జారబడి కూర్చున్నాడు. నేను కూడా వాడి పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇద్దరం స్క్రబ్బరు పంపు చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఇక నువ్వడిగిన సంగతి.

కొత్త పంపు మొన్న వచ్చింది. నిన్న పాతదాన్ని విప్పారు. నేను దగ్గరే ఉన్నాను. సీలు అరిగింది. బేరింగు కాస్త నల్లబడింది. లోపల చక్రం శుభ్రంగా ఉంది. షాఫ్టు తిన్నగా ఉంది. ఫిట్టరు గుడ్డతో తుడిచి వెలుతురులో పెట్టి చూశాడు. "ఎలా ఉంది?" అన్నాను.

"ఇంకొన్నాళ్ళు తిరిగేదే మేడమ్ అనిపిస్తోంది" అన్నాడు.

"అనిపిస్తోందా, ఖాయమా?"

"ఇలాంటివి ఇలాగే ఉండి నెలల తరబడి తిరిగినవీ చూశాను, మర్నాడే బిగుసుకుపోయినవీ చూశాను. నన్ను పందెం కట్టమంటే తిరిగేదనే కడతాను."

నీకు వేరేలా రాయొచ్చు. పగిలిపోయి ఉంది, ఆ రోజే ఆగిపోయేది, నేను కాదనబట్టి అంతమంది బతికారు అని రాస్తే నీకు నిద్ర పట్టేది. నాకూ పట్టేదేమో. కానీ అది నిజం కాదు. బహుశా తిరిగేది. పిచ్చుకకి మందు అందేది. గడియ ఉండేది. ఏమీ జరిగేది కాదు.

రేపు మళ్ళీ అలాంటి పంపే వస్తే మళ్ళీ కాదంటాను. ఈసారి కాదన్న రోజే చిన్న బ్లాకు కడగడం మొదలుపెడతాను. ఇంతకన్నా చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

పిచ్చుక అడిగినదానికి జవాబు: వాళ్ళకి గుర్తుంటుంది. అందుకే ఆపానని చెప్పు.

అక్క


ఇల్లు, డాబా మీద
బట్టలు ఆరేస్తూ

అక్కా,

వార్డుకి మాత్రలు వచ్చాయి. కొత్త పెట్టె. నర్సు పిలిచి మరీ ఇచ్చింది. కొంచెం కొంచెంగా పాతదానికే మారుస్తున్నారు. నాలుగు వారాలుగా ఫిట్స్ రాలేదు. క్లాసులో పడుకోవడం మానేసింది. నిన్న నాతో గట్టిగా పోట్లాడింది, జడ వంకరగా వేశానని. ఎంత హాయిగా అనిపించిందో నీకు చెప్పలేను. ఇంకోసారి కావాలనే వంకరగా వేశాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కౌంటరులో చిల్లర తప్పుగా ఇచ్చి తిట్లు తిన్నాను. తిరిగేదట! ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మీ మరిదికి చదివి వినిపించాను. ఆయన విని, "మీ అక్క అబద్ధం రాసుంటే మనకి తెలిసేదా?" అన్నాడు.

తెలిసేది కాదు. కానీ ఆగేదే అని రాసుంటే నేను నమ్మేదాన్ని కాదు అక్కా. పైకి సరే అనుకుని, లోపల జీవితాంతం అనుమానం పెట్టుకునేదాన్ని. తనను కాపాడుకోవడానికి అలా రాసింది అని. నువ్వు నీకు నష్టమయ్యేదే రాశావు. దాంతో, నువ్వు చెప్పిన మిగతావి కూడా నిజమే అయ్యుండాలి అనిపించింది. ఆ పొగ సంగతీ, గోడ అవతల ఇళ్ళ సంగతీ. ఆ ఇళ్ళల్లో ఎవరో నాలాంటి మనిషి బట్టలు ఆరేసుకుంటూ ఉంటుంది. ఆమెకి నువ్వెవరో తెలియదు. తెలియక్కర్లేదు కూడా.

క్షమించానని రాయను. పెద్ద మాట అది, నాకు నప్పదు. కనుబొమ మీద మచ్చ చూసినప్పుడల్లా నీమీద కోపం వస్తుంది. వచ్చి పోతుంది. రానీ, పోనీ.

పిచ్చుకకి నీ జవాబు చెప్పాను. "గుర్తుంటుందట" అన్నాను. "అయితే పెద్దమ్మ ఆపింది మంచిదేగా" అంది. ఆ వెంటనే, "కానీ నాకు చెప్పి ఆపాల్సింది" అంది. ఈ రెండో మాట నీకు రాయమని మరీ మరీ చెప్పింది. అది న్యాయమే అనిపించింది నాకు. నాకూ అదే. నువ్వు ఆపినందుకు కాదు, నాకు చెప్పకుండా ఆపినందుకు. చెప్పుంటే తలుపు బయట పీట వేసుకుని మళ్ళీ కూర్చునేదాన్ని కదా.

ఇకమీదట చెప్పు. చేదైనా సరే, ఆ రోజుది ఆ రోజే చెప్పు. నేను కూడా బాగానే ఉందని రాయడం మానేస్తాను.

పై నెలలో సెలవు పెట్టుకుని రా. మేడ మీద గది ఊడ్చి ఉంచుతాను. గాలి బాగా వస్తుంది, మధ్యాహ్నాలు చప్పుడుండదు. వచ్చి పడుకో. నీకు మెలకువ వచ్చేదాకా లేపం. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఎవరూ నిన్ను దేనికీ అవునా కాదా అని అడగరు.

చిన్ని